రాజధానికి నడిచి వెళ్లినవాళ్లు ఏం తెచ్చుకున్నారు?

ఇది కొంచెం పొడుగు పోస్టు. తీరిక చూసుకుని చదవండి.

సొంత రాష్ట్రం కాని చోట తరతరాలుగా ఉంటున్న మనకు అర్జీ రాయడం కొత్త కాదు. బడిలో తెలుగు అయ్యవారు లేరని ఒకటి, తెలుగు సెక్షను మూసేస్తున్నారని ఒకటి, పుస్తకాలు రాలేదని ఇంకొకటి. హోసూరైనా, బరంపురమైనా, షోలాపూరైనా కథ ఒకటే. తాలూకా ఆఫీసు నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్ర రాజధానికి కాగితం పోతుంది. కొన్నిటికి జవాబు వస్తుంది, చాలావాటికి రాదు. అప్పుడు మనలో ఎవరో ఒకరు "ఇక ఛలో ఢిల్లీయే" అంటారు. ఆ వెంటనే ఇంకెవరో "పోయినోళ్లు ఏం తెచ్చుకున్నారు?" అని అడుగుతారు.

ఆ ప్రశ్నను చాలామంది నోరు మూయించడానికి వాడతారు. మేం దాన్ని నిజంగానే అడిగి చూద్దామనుకున్నాం. గత రెండు వందల ఏళ్లలో కష్టం చెప్పుకోవడానికి రాజధానికి బయల్దేరిన వాళ్లు వెళ్లిన రోజు ఏం పొందారు, తర్వాత ఏం పొందారు? ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ముందు ఒక తేడా చెప్పుకోవాలి. రాజధానికి వెళ్లడం వేరు, రాజధాని మీదికి వెళ్లడం వేరు. 1922 అక్టోబరులో ముస్సోలినీ నల్లచొక్కాల దళాలు రోమ్ మీదికి కదిలాయి. రాజు సైనిక శాసనం మీద సంతకం పెట్టడానికి ఒప్పుకోలేదు. ముస్సోలినీ నడవనే లేదు, మిలాన్‌లో రాత్రి రైలెక్కి రోమ్‌లో దిగి ప్రధానమంత్రి అయ్యాడు. అది అర్జీ కాదు, ఆక్రమణ. మనం మాట్లాడుకునేది చేతిలో కాగితంతో వెళ్లినవాళ్ల గురించి.

వీపున దుప్పటి, చేతికి అర్జీ

షోలాపూర్, భివండి పద్మశాలీలు, కర్ణాటక, తమిళనాడు దేవాంగులు ఈ పోస్టు చదువుతుంటారు కాబట్టి మగ్గం నుంచే మొదలుపెడదాం. 1817లో ఇంగ్లండులోని మాంచెస్టర్ చుట్టుపక్కల నూలు వడికేవాళ్లు, చేనేత కార్మికులు తిండికి లేక అల్లాడుతున్నారు. నెపోలియన్‌తో యుద్ధం ముగిశాక కూలి రేట్లు పడిపోయాయి. బయటి ధాన్యం రాకుండా చేసిన చట్టంతో రొట్టె ధర మాత్రం దిగలేదు. పైగా విచారణ లేకుండా జైల్లో పెట్టుకునే అధికారం సర్కారు ఆ మార్చి నెలలోనే తెచ్చుకుంది.

మార్చి 10న వేలమంది మాంచెస్టర్‌లోని సెయింట్ పీటర్స్ మైదానంలో చేరారు. లండన్ దాకా నడిచి రాజప్రతినిధికి అర్జీ ఇవ్వాలన్నది ఆలోచన. దారిలో పడుకోవడానికి ఒక్కొక్కరి వీపు మీద ఒక దుప్పటి చుట్ట. అందుకే చరిత్రలో వాళ్లకు దుప్పటివాళ్లనే పేరు నిలిచింది. పదిమందికి మించి కలిసి వెళ్లి అర్జీ ఇవ్వకూడదని 1661 నాటి చట్టం ఉంది. అందుకని పదేసి మంది జట్లుగా విడిపోయి, అర్జీ కాగితాన్ని చేతికి కట్టుకుని బయల్దేరారు. చట్టాన్ని అక్షరం తప్పకుండా పాటించిన జనం వాళ్లు.

గుర్రపు దళం మైదానంలోనే నాయకులను పట్టుకుంది. నడక మొదలుపెట్టిన వాళ్లలో చాలామందిని పది కిలోమీటర్లు దాటకముందే స్టాక్‌పోర్ట్ వంతెన దగ్గర ఆపేశారు. చివరికి లండన్ చేరింది ఒక్కడేనని చెప్పుకుంటారు. రెండేళ్లకు అదే మైదానంలో ఓటు హక్కు కోసం చేరిన సభ మీద గుర్రాలను తోలారు. పదిహేనుమందికి పైగా చనిపోయారు. ఆ ఊళ్లలో ఓటు కోసం అడగడం మాత్రం ఆగలేదు. ఆ శతాబ్దం ముగిసేలోపు అక్కడి కార్మికుల్లో మగవాళ్లలో ఎక్కువమందికి ఓటు దక్కింది. దుప్పటి మోసిన వాళ్లలో ఎక్కువమంది అప్పటికి బతికి లేరు.

గడ్డి తొక్కాడని జైలు

1893లో అమెరికాలో బ్యాంకులు కూలాయి, లక్షలమందికి పని పోయింది. ఒహాయో రాష్ట్రంలోని మాసిలన్ ఊళ్లో జాకబ్ కాక్సీ అనే రాతి క్వారీ యజమాని ఒక ఉపాయం చెప్పాడు. ప్రభుత్వం 50 కోట్ల డాలర్ల నోట్లు అచ్చువేసి, పని లేనివాళ్లతో రోడ్లు వేయించాలి. మనిషికి ఆ ఆలోచన మీద ఎంత పిచ్చి అంటే, కొడుక్కి 'లీగల్ టెండర్' అని పేరు పెట్టుకున్నాడు. మన భాషలో చెప్పాలంటే బిడ్డకు 'చెల్లుబాటు నాణెం' అని పేరు పెట్టినట్టు.

1894 మార్చి 25న, ఈస్టర్ పండుగ నాడు, సుమారు వందమందితో నడక మొదలుపెట్టి మే 1కి వాషింగ్టన్ చేరాడు. అప్పటికి వెంట ఉన్నది ఐదువందల మంది. పార్లమెంటు భవనం మెట్ల మీద ప్రసంగం చేయాలని వెళ్తే పోలీసులు చదవనివ్వలేదు. గడ్డి మీద నడిచాడని కేసు పెట్టి 20 రోజులు జైల్లో వేశారు. పత్రికలు నవ్వాయి. ఆ రోజు లెక్క చూస్తే చేతికి వచ్చింది సున్నా.

నలభై ఏళ్ల తర్వాత రూజ్వెల్ట్ ప్రభుత్వం సరిగ్గా అదే పని చేసింది. సర్కారు డబ్బుతో లక్షలమంది చేత రోడ్లు, వంతెనలు, బడులు కట్టించింది. 1944 మే 1న, సరిగ్గా యాభై ఏళ్లకు, తొంభై ఏళ్ల కాక్సీని అదే మెట్ల మీద నిలబడనిచ్చారు. ఆనాడు చదవనివ్వని ప్రసంగాన్ని ఆయన చదివాడు.

సైన్యం వచ్చింది, చట్టమూ వచ్చింది

మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన అమెరికా సైనికులకు బోనస్ ఇస్తామని 1924లో చట్టం చేశారు. కానీ చేతికి ఇచ్చింది బాండు కాగితం. దాని డబ్బు 1945లో గానీ రాదు. 1932కల్లా దేశంలో పని లేదు, తిండి లేదు. ఆరిగన్ రాష్ట్రం నుంచి వాల్టర్ వాటర్స్ అనే మాజీ సార్జెంటు వెంట కొందరు బయల్దేరితే, దారి పొడుగునా జనం కలిశారు. వాషింగ్టన్‌లో అనకోస్టియా నది ఒడ్డున గుడిసెలు లేచాయి. పెళ్లాం బిడ్డలతో కలిపి వేలమంది అక్కడ కాపురం పెట్టారు. సైన్యంలో నల్లవాళ్లనూ తెల్లవాళ్లనూ వేరువేరుగా ఉంచిన కాలం అది. ఈ గుడిసెల్లో మాత్రం అందరూ కలిసే ఉన్నారు.

దిగువ సభ బోనస్ బిల్లు ఆమోదించింది. జూన్ 17న సెనేటు 62-18 ఓట్లతో కొట్టేసింది. బయట ఎదురుచూస్తున్న వేలమంది దేశభక్తి పాట పాడుకుని గుడిసెలకు తిరిగి వెళ్లారు. జూలై 28న ఖాళీ చేయించే గొడవలో పోలీసు కాల్పులకు ఇద్దరు మాజీ సైనికులు బలయ్యారు. ఆ సాయంత్రం జనరల్ మెకార్థర్ గుర్రాలు, ట్యాంకులు, బాష్పవాయువుతో వచ్చాడు. గుడిసెలు తగలబడ్డాయి. దేశం కోసం పోరాడిన వాళ్ల మీదికి దేశ సైన్యమే వచ్చింది.

ఆ నవంబరు ఎన్నికల్లో అధ్యక్షుడు హూవర్ చిత్తుగా ఓడిపోయాడు. 1933లో వాళ్లు మళ్లీ వస్తే కొత్త అధ్యక్షుడు రూజ్వెల్ట్ విడిది ఏర్పాటు చేశాడు, ఆయన భార్య ఎలినార్ స్వయంగా వెళ్లి పలకరించింది. అయినా బోనస్ ఇవ్వడానికి రూజ్వెల్ట్ కూడా ఒప్పుకోలేదు. 1936లో ఆయన వద్దన్నా పార్లమెంటు పట్టుబట్టి డబ్బు ఇప్పించింది. 1944లో, రెండో యుద్ధం నుంచి వచ్చేవాళ్లకు చదువు, ఇంటి అప్పు ఇచ్చే పెద్ద చట్టం వచ్చింది. మళ్లీ గుడిసెలు లేవకూడదన్న భయం కూడా ఆ చట్టం వెనక ఉంది.

జారో నుంచి లండన్, ఇచ్ఛాపురం నుంచి మద్రాసు

ఇంగ్లండు ఈశాన్యాన జారో అనే ఊరు ఓడల కార్ఖానా మీద బతికేది. కార్ఖానా మూతపడ్డాక పని చేసే ఈడు వాళ్లలో దాదాపు పదికి ఏడుగురు ఖాళీ. 1936 అక్టోబరు 5న రెండు వందల మంది లండన్‌కు నడిచారు. 11,000కు పైగా సంతకాలున్న అర్జీని ఓక్ చెక్క పెట్టెలో పెట్టుకుని, ఆ ఊరి పార్లమెంటు సభ్యురాలు ఎలెన్ విల్కిన్సన్ తోడుగా, దాదాపు 450 కిలోమీటర్లు. వంట సామాను ఒక బస్సులో. వెంట ఒక కుక్క. లెస్టర్‌లో సహకార సంఘం చెప్పులు కుట్టేవాళ్లు రాత్రంతా కూర్చుని, కూలి తీసుకోకుండా అందరి బూట్లూ బాగుచేసి ఇచ్చారు.

అక్టోబరు 31న లండన్ చేరారు. ప్రధాని బాల్డ్విన్ కలవడానికి ఒప్పుకోలేదు. నవంబరు 4న అర్జీ సభ ముందుకు వెళ్లింది, చర్చ లేకుండానే ముగిసింది. ఇంటికొచ్చాక ఇంకో దెబ్బ. నడకలో ఉన్న రోజుల్లో పని దొరికితే చేయడానికి మీరు అందుబాటులో లేరు కదా అని నిరుద్యోగ భత్యం కోసేశారు. అయితే నడిచిన దారిలో ప్రతి ఊరూ వాళ్లను చూసింది. నిరుద్యోగం అంటే సోమరితనం కాదని వాళ్ల ముఖాలే చెప్పాయి. 1945లో దేశం ఓటు మార్చి వేసినప్పుడు ఆ ముఖాలు చాలామందికి గుర్తున్నాయి. కొత్త ప్రభుత్వంలో ఎలెన్ విల్కిన్సన్ విద్యామంత్రి.

సరిగ్గా ఆ రోజుల్లోనే మనవాళ్లూ నడిచారు. ఇది మనలో చాలామందికి తెలియదు. 1937-38లో ఆంధ్ర రైతులు ఒడిశా సరిహద్దులోని ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతు యాత్ర చేశారు. మద్రాసు దేశ రాజధాని కాదు నిజమే. కానీ ఆనాడు కోస్తా, సీమ, తమిళనాడు కలిసి ఉన్న రాష్ట్రానికి అదే రాజధాని, చట్టం చేసే సభ అక్కడే ఉంది. ఎన్.జి. రంగా వంటివారు పెంచిన రైతు సంఘాల బలంతో రెండు వేల మందికి పైగా, తొమ్మిది జిల్లాల మీదుగా, 130 రోజులు, 1500 మైళ్లకు పైగా నడిచారు. తిన్నని దారిలో పోతే అంత దూరం లేదు. ఊరూరూ తిరిగి సభలు పెట్టుకుంటూ, కష్టాలు రాయించుకుంటూ పోయారు కాబట్టి అంత అయింది. దారిలో 1,100కు పైగా అర్జీలు పోగయ్యాయి. వాటిని 1938 మార్చి 27న మద్రాసు శాసనసభకు అందించారు.

వాళ్ల ముఖ్యమైన కోరికల్లో ఒకటి అప్పుల భారం తగ్గించాలని. 1938లోనే మద్రాసు ప్రభుత్వం రైతు రుణాలకు ఉపశమనం కలిగించే చట్టం చేసింది. జమీందారీల సంగతి చూడటానికి ప్రకాశం పంతులు అధ్యక్షతన వేసిన కమిటీ అదే ఏడాది నివేదిక ఇచ్చింది. జమీందారీల రద్దు చట్టం మాత్రం 1948లో వచ్చింది. అంటే నడిచిన పదేళ్లకు. ఇచ్ఛాపురంలో బయల్దేరిన రైతును "మద్రాసు పోయి ఏం తెచ్చావు?" అని 1938 ఏప్రిల్లో అడిగితే ఒక జవాబు, 1948లో అడిగితే ఇంకో జవాబు.

చేరకుండానే గెలిచినవి

కొన్ని యాత్రలు రాజధాని చేరకముందే పని అయింది. 1941లో అమెరికాలో యుద్ధ కార్ఖానాల్లో నల్లవాళ్లకు ఉద్యోగాలు ఇచ్చేవాళ్లు కాదు. రైలు పెట్టెల్లో పనిచేసే పోర్టర్ల సంఘం నాయకుడు ఫిలిప్ రాండాల్ఫ్, జూలై 1న లక్షమందితో వాషింగ్టన్ వస్తామని ప్రకటించాడు. యుద్ధం ముంచుకొస్తున్న వేళ రూజ్వెల్ట్‌కు అది తలనొప్పి. జూన్ 25న యుద్ధ పరిశ్రమల్లో వివక్షను నిషేధిస్తూ ఉత్తర్వు వచ్చింది. యాత్ర ఆగిపోయింది. అయితే ఉట్టి బెదిరింపుతో అది అయిందనుకోవద్దు. అంతకు ముందు పదిహేనేళ్లు ఊరూరా స్టేషన్లలో సంఘం కట్టిన మనిషి చెప్పాడు కాబట్టి నమ్మారు.

ఆ రాండాల్ఫే 22 ఏళ్ల తర్వాత, 1963 ఆగస్టు 28న, సుమారు రెండున్నర లక్షల మందిని నిజంగా వాషింగ్టన్ తీసుకెళ్లాడు. అందరికీ మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగమే గుర్తుంటుంది. దాన్ని నిలబెట్టింది బేయార్డ్ రస్టిన్ అనే కార్యకర్త రెండు నెలల్లో చేసిన ఏర్పాట్లు. వేల బస్సులు, ప్రత్యేక రైళ్లు, తాగునీళ్లు, మరుగుదొడ్లు, వైద్యం. న్యూయార్క్‌లో ఒక చర్చిలో స్వచ్ఛంద సేవకులు రాత్రికి రాత్రి 80,000 భోజనం పొట్లాలు కట్టారు. మరుసటి ఏడాది పౌర హక్కుల చట్టం, ఆ తర్వాతి ఏడాది ఓటు హక్కు చట్టం వచ్చాయి. గంటకు రెండు డాలర్ల కనీస కూలి అడిగారు, అది మాత్రం అప్పుడు దక్కలేదు.

మన దేశంలోనూ అలాంటిది ఉంది. 2012 అక్టోబరు 2న ఏక్తా పరిషత్ వెంట వేలమంది భూమిలేని పేదలు, ఆదివాసులు గ్వాలియర్ నుంచి ఢిల్లీకి బయల్దేరారు. కేంద్రమంత్రి ఆగ్రాకే వచ్చి ఒప్పందం మీద సంతకం చేశాడు. యాత్ర అక్కడే ముగిసింది. సంతకం పెట్టించుకోవడం ఒక ఎత్తు, దాన్ని అమలు చేయించుకోవడం ఇంకో ఎత్తు అని ఆ తర్వాత తేలింది.

నిలబడే చోటు

ఢిల్లీ సంగతికి వద్దాం. 1988 అక్టోబరు చివర మహేంద్ర సింగ్ తికాయత్ వెంట పశ్చిమ ఉత్తరప్రదేశ్ రైతులు లక్షల్లో వచ్చి బోట్ క్లబ్ పచ్చిక మీద వారం రోజులు కూర్చున్నారు. అక్కడే వంట, అక్కడే పడక. పార్లమెంటు కూతవేటు దూరం. ప్రభుత్వం దిగొచ్చింది. కానీ 1990ల మొదట్లో బోట్ క్లబ్ దగ్గర సభలు నిషేధించి ధర్నాలను జంతర్ మంతర్ పక్క రోడ్డుకు మార్చారు. మన పక్కనున్న కావేరి రైతులు 2017లో కరువు సాయం కోసం అయ్యాకణ్ణు నాయకత్వంలో పుర్రెలు పట్టుకుని కూర్చున్నది ఆ రోడ్డు మీదే. అదే ఏడాది అక్టోబరులో శబ్ద కాలుష్యం పేరుతో హరిత ట్రిబ్యునల్ ఆ చోటూ మూయించింది. 2018 జూలై 23న సుప్రీంకోర్టు పూర్తి నిషేధం కుదరదని చెప్పాక మళ్లీ తెరిచారు.

2020 నవంబరులో పంజాబ్, హర్యానా రైతులు వచ్చినప్పుడు ఊళ్లోకే రానివ్వలేదు. సింఘు, టిక్రి, గాజీపూర్ సరిహద్దుల్లో ఆపారు. ఆపిన చోటే నిలబడాలని వాళ్లు నిర్ణయించుకున్నారు. ట్రాలీలే ఇళ్లు, గురుద్వారాల లంగర్లే వంటిళ్లు. మధ్యలో 2021 జనవరి 26న ఎర్రకోట దగ్గర జరిగిన గొడవతో జనంలో ఉన్న సానుభూతి తగ్గి, అంతా అయిపోయిందనిపించిన రోజులూ వచ్చాయి. ఏడాది గడిచాక నవంబరు 19న మూడు చట్టాల రద్దు ప్రకటన వచ్చింది. మద్దతు ధరకు చట్టం కావాలన్న కోరిక మాత్రం మిగిలే ఉంది. ఆ చట్టాలు మంచివా చెడ్డవా అన్నదాని మీద మనలో రెండు అభిప్రాయాలున్నాయి, ఇక్కడ వాదన వద్దు. చూడాల్సింది ఒకటే. కాక్సీ కాలంలో గడ్డి, ఇప్పుడు సరిహద్దు. అర్జీ ఇచ్చే హక్కు కాగితం మీద ఉంటే సరిపోదు, కాలు మోపే చోటు కూడా ఉండాలి.

మన సంగతి

ఇన్ని కథల్లోనూ వెళ్లిన రోజే గెలిచినవాళ్లు తక్కువ. తర్వాత గెలిచిన వాళ్లను చూస్తే కొన్ని సంగతులు కలుస్తాయి. అడిగేది ఒక్క వాక్యంలో చెప్పగలిగారు: రోడ్లు వేయించండి, మా బోనస్ ఇవ్వండి, అప్పు తగ్గించండి. నడకకు ముందే ఏళ్ల తరబడి సంఘం ఉంది. లోపల నుంచి మాట్లాడే మనిషి ఒకరున్నారు, విల్కిన్సన్ లాగా. అన్నం, నీళ్లు చూసేవాళ్లున్నారు. తిరిగొచ్చాక జెండా మూలన పెట్టేయలేదు.

ఇది మనకెందుకంటే, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో చెప్పించే ఏర్పాటుకు ప్రతి రాష్ట్రం ప్రయత్నించాలని రాజ్యాంగం 350ఎ అధికరణంలో ఉంది. దాని అమలు ఎలా ఉందో చూసి రాష్ట్రపతికి నివేదించే ప్రత్యేక అధికారి 350బి కింద ఉన్నారు. రెండూ 1956లో, రాష్ట్రాలను భాషను బట్టి విడదీసినప్పుడు, సరిహద్దుకు అవతల మిగిలిపోయే మనలాంటి వాళ్ల కోసమే చేర్చారు. అంటే ఢిల్లీలో మన అర్జీ తీసుకోవాల్సిన చోటు ఇప్పటికే ఉంది. మన దగ్గర లేనిది ఆ అర్జీ వెనక పేర్చాల్సిన కట్ట.

ఇచ్ఛాపురం రైతులు మద్రాసులో దిగేసరికి వాళ్ల చేతిలో 1,100 అర్జీలున్నాయి. మన చేతిలో ఎన్ని ఉన్నాయి? ఏ బడిలో తెలుగు పోస్టు ఎన్నేళ్లుగా ఖాళీ, ఏ ఏడాది ఏ సెక్షను మూసేశారు, ఎన్నిసార్లు రాశాం, ఏం జవాబు వచ్చింది? ఇవన్నీ పెద్దల జ్ఞాపకాల్లో, బీరువా అరల్లో చెదిరి ఉన్నాయి. ఆ పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. ఇవి పోగు కాకుండా రైలెక్కితే ఫొటో తప్ప ఏమీ మిగలదు. పోగయితే, రైలెక్కాల్సిన అవసరమే రాకపోవచ్చు, వచ్చినా ఉట్టి చేతులతో వెళ్లం.

అందుకే అన్నలకూ అక్కలకూ ఒక మనవి. మీ ఊరి నుంచి తెలుగు బడి గురించి ఎప్పుడు ఏ అర్జీ ఇచ్చినా, ఆఫీసు ముద్ర పడిన నకలు ఉంటే ఫొటో తీసి సంఘానికి పంపండి. ముద్ర లేకపోయినా పంపండి. ఊరు, బడి పేరు, సంవత్సరం రాస్తే చాలు. ఇకనుంచి ఇచ్చే ప్రతి అర్జీకీ ముద్ర వేయించుకోకుండా కదలకండి. జిల్లాల వారీగా కట్టలు కట్టి, జాబితా రాసే పని మేం చూసుకుంటాం.